హీరో జ్యూసు – మా గది జావ

మన సినిమాల్లో డబ్బున్నవాళ్ళ యింట్లో ఎలా తెల్లవారుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద హాలు, వంపు తిరిగిన మెట్లు, డైనింగ్ టేబుల్ మీద యాపిల్ పళ్ళు, గాజు జగ్గులో ఆరెంజ్ జ్యూసు. మెట్లమీంచి హీరోయిన్ చకచకా దిగొస్తుంది. "డాడీ, కాలేజీకి టైమైపోయింది!" అంటుంది. గ్లాసెత్తి ఒక్క గుక్క – లెక్కపెట్టి ఒకే ఒక్క గుక్క – తాగి, గ్లాసు అక్కడే పెట్టేసి తుర్రుమంటుంది. ఆ మిగిలిన జ్యూసు ఎవరు తాగారో ఏ దర్శకుడూ యింతవరకు చూపించలేదు!

ఆ గ్లాసులో యిప్పుడు స్మూతీ వుంటోంది. జ్యూసయితే రసం వుంచుకుని పిప్పి పారేస్తాం. స్మూతీలో పండంతా పాలతోనో పెరుగుతోనో కలిసి నలిగి చిక్కగా దిగుతుంది. పీచు ఎక్కడికీ పోదు. ఆ మేరకు జ్యూసు కంటే మేలే. ఫోను తెరిస్తే చాలు, ఫలానా హీరో పొద్దున్నే తాగే స్మూతీ యిదేనంటూ వీడియోలే వీడియోలు. మీలో చాలామంది టిఫిను మానేసి అవి చూసి మిక్సీ తిప్పుతున్నారని నాకు తెలుసు. అందుకే యీ నాలుగు మాటలు.

అన్నట్టు, పళ్ళు నలిపే యీ యంత్రానికీ వినోదరంగానికీ పాత చుట్టరికమే వుంది. అమెరికాలో ఫ్రెడ్ వేరింగ్ అని పేరుమోసిన బ్యాండు మాస్టరు వుండేవాడు. 1937లో వచ్చిన 'వార్సిటీ షో' సినిమాలో తన బృందంతో సహా తెరమీద కనిపించాడు. ఒకాయన తయారుచేస్తున్న మిక్సరుకి డబ్బు పెట్టి, అదే 1937లో బజారులోకి తెచ్చిందీ యీయనే. తర్వాత అది వేరింగ్ పేరుతోనే జనంలోకి వెళ్ళింది. పాటలవాడి డబ్బుతో పళ్ళరసం! మనవాళ్ళు నిర్మాతలై పోగొట్టుకున్న దానికంటే నయమే అనిపిస్తుంది.

సరే, అసలు సంగతికొస్తాను. నా గదిలో వుండే కుర్రాడిది పాలకొల్లు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన వూరు కదా, ఆ నీళ్ళు తాగినవాడెవడూ సినిమా పిచ్చి లేకుండా పెరగడు. యిరవై నాలుగేళ్ళు. వేషాల కోసం కృష్ణానగర్ వచ్చి రెండేళ్ళయింది. రెండు సీరియళ్ళలో హీరో ఫ్రెండు, ఒక సినిమాలో పెళ్ళికొడుకు తమ్ముడు. కిందటేడు ఓ ఆడిషన్లో, "మొహం బావుంది గాని బుగ్గలు తగ్గాలి. మూడు నెల్ల తర్వాత కనపడు" అన్నారట. ఆ మాట అన్నవాళ్ళకి అది మధ్యాహ్నానికే గుర్తుండి వుండదు. వీడికి మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

మర్నాటినుంచి ఏదో వీడియో చూసి తిండి మానేశాడు. పొద్దున బత్తాయి, మధ్యాహ్నం పైనాపిల్, రాత్రి పుచ్చకాయ – అన్నీ రసాలే, బండి దగ్గర పంచదారతో సహా. నేను కసిరితే, "ఆయ్, వొంట్లో విషాలన్నీ పోతాయండీ అన్నయ్యగారూ" అన్నాడు. ఆరోరోజు పొద్దున జూనియర్ ఆర్టిస్టుల బస్సు ఎక్కబోతూ కళ్ళు తిరిగి పడిపోయాడు. నుదురు పగిలి మూడు కుట్లు. మా సందులో డాక్టరుగారు బి.పి. చూసి, "నాయనా, నీ రోగానికి మందు అన్నం" అన్నారు. మొహమే పెట్టుబడి అయినవాడికి నుదుటిమీద కుట్లంటే ఏమిటో మీరే ఆలోచించండి.

గదికొచ్చాక కాయితం పెన్సిలు పట్టుకు కూచున్నాను. వాడికి తెల్లారే కాల్‌షీట్లు. టిఫిను చేసుకునే టైము నిజంగానే వుండదు. గ్లాసే గతి అయితే ఆ గ్లాసులో ఏం పోయాలన్నది ప్రశ్న. ముందు, ఏం పోయకూడదో చూద్దామని మా వీధి చివర షాపులో అరటిపండు షేక్ లెక్క కట్టాను. వెన్న తియ్యని చిక్కటి పాలు పావు లీటరు – సుమారు 215 కేలరీలు. అరటిపళ్ళు రెండు – 200. పంచదార నాలుగు చెంచాలు – 80. పైన ఐస్‌క్రీం ముద్ద – తక్కువలో తక్కువ 130. మొత్తం 600 దాటింది! సన్నబడడానికి తాగే గ్లాసు యిది! చిన్న ఇడ్లీలు మూడు తిన్నా 200 లోపే తేలుతుంది.

"పంచదార బదులు తేనె వేస్తానండీ" అన్నాడు మావాడు. తేనె వేస్తే పాపం పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో యిచ్చిన సూచనల్లో తేనెనీ, పళ్ళరసంలోని చక్కెరనీ కూడా పంచదార పద్దులోనే రాసింది. రోజంతటికీ కలిపి ఆ పద్దు 25 గ్రాములకి, అంటే ఆరు చెంచాలకి, మించకుంటే మరీ మంచిదంది. బెల్లం కూడా అంతే. పండు బాగా మాగితే తీపి దానంతటదే వస్తుంది. పైన ఏలక్కాయ పొడి చిటికెడు వేస్తే నాలుక మోసపోతుంది.

పాల సంగతి కూడా చెప్పాలి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. ప్యాకెట్ రంగు చూసి కొనకండి, మీద అచ్చువేసింది చదవండి. మా గదిలో యిప్పుడు టోన్డ్ పాలు తోడేసిన పెరుగే.

మేం కుదుర్చుకున్న మొదటి గ్లాసు యిది: చక్కెరకేళి సగం, బొప్పాయి ముక్కలు వంద గ్రాములు, పెరుగు వంద గ్రాములు, పుట్నాల పొడి పెద్ద చెంచాడు, నానేసిన సబ్జా గింజలు ఒక చెంచా, తగినన్ని నీళ్ళు. అంతా కలిపి 200 కేలరీలు, కాస్త అటూ యిటూ. పుట్నాలెందుకంటారా? అవి లేనిరోజున పదింటికల్లా ఆకలేసి మావాడు షూటింగులో బజ్జీలమీద పడేవాడు. పళ్ళలో మాంసకృత్తులు దాదాపు లేవు. అవి పుట్నాలనుంచో, పెరుగునుంచో, వేరుశనగనుంచో రావాలి. వేరుశనగ మాత్రం లెక్కపెట్టి వెయ్యండి. గుప్పెడు పడిందంటే అక్కడే 150 దాటుతుంది.

ఒక హెచ్చరిక. బొప్పాయిని పాలతోగాని పెరుగుతోగాని తిప్పితే అప్పటికప్పుడు తాగెయ్యాలి. అందులోని పపేన్ అనే పదార్థం పాలలోని మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. అరగంట గడిస్తే చేదు! రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెడదామనుకునేవాళ్ళు జామపండు వాడుకోండి. గింజల కోసం ఒక్కసారి జల్లెడ పట్టాలి, అంతే.

కాని నన్నడిగితే మా గదిలో అసలు హీరో రెండో గ్లాసు. దానికి ఇంగ్లీషు పేరు లేదు కాబట్టి ఏ వీడియోలోనూ రాదు. రాగిజావ! రెండు పెద్ద చెంచాల రాగిపిండిని ముందు చన్నీళ్ళలో వుండకట్టకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, పచ్చివాసన పోయేదాకా ఉడికించాలి. పచ్చిపిండి మిక్సీలో వేసి తాగమనే మహానుభావుల మాట వినకండి. రాత్రి కాచి వుంచితే పొద్దున్నే మజ్జిగ, కీరదోస, జీలకర్ర, కరివేపాకు, వుప్పు వేసి ఒక్క తిప్పు. కేలరీలు 120 దాటవు. పక్కన నాలుగు వేయించిన పల్లీలు నమిలితే టిఫిను పూర్తి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములని వుంది. ఆవుపాలలో అందులో మూడోవంతే. మా అమ్మమ్మకి యీ అంకెలేవీ తెలియవు. వేసవంతా అంబలి కుండ దించేది కాదు.

నమలడానికి టైమున్నరోజున మాత్రం గ్లాసు జోలికి పోవద్దు. పెసరట్టుని మించిన పొద్దుటి తిండి నేనింకా చూడలేదు. తాగింది గబుక్కున దిగిపోతుంది, నమిలింది నిలుస్తుంది. ఇక షుగరుకి మందులు వాడేవాళ్ళు పళ్ళ గ్లాసు మొదలెట్టేముందు డాక్టరునడగడం మంచిది.

ఖర్చంటారా? ఎర్రగడ్డ రైతుబజారుకెళ్ళి మాగిన బొప్పాయి పట్టుకొస్తే మా యిద్దరికీ మూడ్రోజులొస్తుంది. చెక్కులు ఎప్పుడొస్తాయో తెలియని ఫ్రీలాన్సు బతుకుకి అంతకంటే ఏం కావాలి?

మూడు నెలల్లో మావాడు నాలుగు కిలోలు తగ్గాడు. గ్లాసొక్కటే తగ్గించలేదు లెండి. అర్ధరాత్రి బిర్యానీ మానేశాడు, బస్సుకి రెండు స్టాపులు నడిచాడు. కుట్ల మచ్చ కనుబొమ పైన సన్నగా మిగిలింది. మేకప్‌లో కనబడదట. చెప్పిన గడువుకి అదే ఆఫీసుకెళ్ళాడు. అప్పటికే వేరే కుర్రాణ్ణి తీసుకున్నారు. ఆ కుర్రాడి బుగ్గలు వీడి పాత బుగ్గలకంటే బొద్దుగా వున్నాయి! ఆ రాత్రి వాడేం మాట్లాడలేదు. పొద్దున్నే లేచి చూస్తే స్టవ్వు దగ్గర నిలబడి రెండు గ్లాసులకి సరిపడా జావ కలుపుతున్నాడు.

మొన్న ఓ వెబ్ సిరీస్‌లో హోటల్ సర్వరు వేషం దొరికింది. నాలుగు రోజుల పని, డైలాగులున్నాయి. సంతోషంతో వాళ్ళమ్మగారు వూర్నుంచి డబ్బాడు పూతరేకులు పంపారు. డబ్బా అలమరలో వుంది. మూత యింకా తియ్యలేదు. ఆదివారం దాకా తియ్యమని మాత్రం నేను రాసివ్వలేను.