తండ్రి శిష్యుడైన వేళ

జగ్గయ్యపేట చెంత కృష్ణాతీరమున వేదాద్రి క్షేత్రము కలదు. సోమకాసురుని చెర వీడిన వేదములు అచ్చట శిలారూపమున వెలసినవని స్థలపురాణము. నందిగామ ప్రాంతపు భక్తులకు ఆ గాథ సుపరిచితమే. అట్టి సన్నిధిలో సైతము, నలుబదియేండ్లు మంత్రము వల్లించినవారికి దాని అర్థమును మరియొకరి నడుగుట కష్టము. తెలియదను మాట వయస్సుతో బరువెక్కును.

ఉద్దాలక ఆరుణి ఆ బరువును దించుకొనెను. కుమారుడు శ్వేతకేతువు పాంచాలసభకు పోగా, ప్రవాహణ జైవలి యను రాజు ఐదు ప్రశ్నలు వేసెను. ఒక్కదానికిని ఉత్తరము తోచలేదు. చిన్నబోయి వచ్చి, అంతయు నేర్పితినంటివే యని తండ్రిని నిష్ఠూరమాడెను. తండ్రి కోపింపలేదు, తనకును ఒక్కటియు తెలియదనెను. ఇరువురము పోయి శిష్యులమగుదమని పిలిచినట్లు బృహదారణ్యకము చెప్పుచున్నది. కుమారుడు రాలేదు! యౌవనమునకే అభిమానము హెచ్చు కాబోలు.

రాజు ధనమిత్తుననెను. ఆరుణి వలదని, కుమారునికి వేసిన ప్రశ్నలకు బదులు మాత్రమే కోరెను. తానే పలువురికి గురువు. అయినను ఒక క్షత్రియుని యెదుట నోటిమాటతో శిష్యత్వము నంగీకరించి అచ్చటనే నివసించెను.

లభించినది పంచాగ్నివిద్య. ద్యులోకము, పర్జన్యుడు, పృథివి, పురుషుడు, స్త్రీ ఐదును అగ్నులే. ఆహుతి ఒకదానినుండి మరియొకదానికి సాగి పురుషుడను పేరు పొందును. అంతకుముందు ఎన్ని వేల పర్యాయములు హోమము చేసియుండెనో ఆయన! ఇంటికి మరలిన పిదప సమిధ అదియే, అగ్ని అదియే. వేల్చిన ఆహుతి ఎటు పోవుచున్నదో మాత్రము ఇప్పుడు తెలిసియుండును.