చాందీ తారా, తాంబా తారా?

రికార్డ్ ప్లేయర్‌లో సూదిని మోసే చెయ్యి ఒకటుంటుంది. టోన్‌ఆర్మ్ అంటారు. ఆ సన్నని గొట్టం లోపల వెంట్రుకల్లాంటి తీగలు నాలుగు. ఎర్రదీ పచ్చదీ కుడి స్పీకర్‌కి, తెల్లదీ నీలందీ ఎడమ స్పీకర్‌కి. రికార్డు గాడిలో సూది కదిలితే పుట్టే ఆవాజ్ ఆ తీగల మీదుగానే ఆంప్లిఫయర్‌కి చేరాలి. మామూలు కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులు. 5 మిల్లీవోల్టులంటే టార్చిలైటు సెల్లు ఇచ్చే దాంట్లో 300వ వంతు. అంత నాజూకు వ్యవహారం.

మా అబ్బా రికార్డ్ ప్లేయర్‌లో ఎర్ర తీగ తెగింది. దాంతో మా ఇంట్లో బహస్ మొదలైంది. కొత్త తీగలు చాందీవి వేయించాలా, తాంబావి వేయించాలా?

ఆ మిషన్‌ని మా మామూ 1980ల్లో సౌదీ నుంచి తెచ్చాడు. దాని పక్క అల్మారాలో బేగం అఖ్తర్, మెహదీ హసన్, మన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. వాళ్ల పక్కనే ఘంటసాల భగవద్గీత. ఉర్దూ మీడియంలో చదువుకునే నాకు తెలుగు, సంస్కృతం మాటల తలఫ్ఫుజ్ నేర్పింది ఆ ఘంటసాల రికార్డే. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు అదే కామొచ్చింది.

అబ్బాకి ఇప్పుడు 76. ఆరేడు నెలలుగా రికార్డులు పెట్టడం మానేశాడు. ఎందుకని అడిగితే ‘దిల్ నై లగ్‌రా బేటా’ అని తప్పించుకునేవాడు. అసలు సంగతి అమ్మీ చెప్పింది. కుడి వైపు నుంచి ఏమీ వినపడకపోయేసరికి తన కుడి చెవి పూర్తిగా పోయిందనుకున్నాడట. ఎవరికీ చెప్పకుండా సబర్ చేసుకుని కూర్చున్నాడు. నేను వెళ్లి కుడి స్పీకర్‌కి చెవి ఆనిస్తే అది నిజంగానే ఖామోష్.

కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ఉస్తాద్ మీటర్ పెట్టి తెగిన చోటు పట్టుకున్నాడు. సరిగ్గా ఆర్మ్ తిరిగే కీలు దగ్గర. రికార్డు పెట్టిన ప్రతిసారీ అక్కడ తీగ ఒకసారి మెలి తిరుగుతుంది. నలభై ఏళ్ల మెలికలు! ‘ఒకటి తెగిందంటే మిగతా మూడూ లైన్లో ఉన్నట్టే. నాలుగూ మార్చుకోండి’ అన్నాడు. రెండు రకాల తీగలూ ముందు పెట్టాడు. చాందీ ధర తాంబా ధరకి అయిదారు రెట్లు.

దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే మరుసటి రోజే పైసలు పంపాడు. ‘అబ్బాకి తాంబానా భయ్యా? చాందీయే వేయించు’ అన్నాడు. వాడికది వైర్ సంగతి కాదు, ఇజ్జత్ సంగతి. దూరాన ఉన్న కొడుకు తన ప్యార్‌ని దేంట్లో తూచాలి మరి?

నేను మాత్రం హిసాబ్ వేసుకున్నాను. లోహాలన్నిటిలో కరెంటుని బాగా మోసేది చాందీయే, అందులో షక్ లేదు. ఒకే పొడవు, ఒకే మందం ఉంటే తాంబా రెసిస్టెన్స్ చాందీ కంటే సుమారు 6 శాతం ఎక్కువ. 0.18 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న తీగకి లెక్క కడితే తాంబాది 0.20 ఓం, చాందీది 0.19 ఓం. ఫరక్ ఓంలో నూరో వంతు. మా కార్ట్రిడ్జ్ లాంటి వాటి లోపలి చుట్టలోనే కొన్ని వందల ఓంలు ఉంటాయి. ఆంప్లిఫయర్ దగ్గర మామూలుగా 47,000 ఓంలు. ఇక ఆ నూరో వంతు ఎవరి చెవికి తగులుతుంది? పైగా ఆ చుట్టా తాంబాదే, బయటి కేబులూ తాంబాదే. దారంతా తాంబా వేసి మధ్యలో జానెడున్నర చాందీ పరిస్తే ఏమొస్తుంది?

చాందీ ఆవాజ్ మెరుస్తుందంటారు, తాంబా ఆవాజ్ వెచ్చగా ఉంటుందంటారు. చాందీ రంగు తెల్లటి మెరుపు, తాంబా రంగు నిప్పు సెగ. కళ్లు చూసిందే చెవులకి చెబుతున్నాయేమో అని నా అనుమానం.

మరి తీగల్లో చూడాల్సింది ఏమిటి? మెత్తదనం. సూది రికార్డు మీద మోపే బరువు రెండు గ్రాములకి అటూ ఇటూ. కీలు దగ్గర తీగ బిరుసుగా ఉంటే స్ప్రింగులా ఆర్మ్‌ని ఒక పక్కకి నెడుతుంది. అది నిజంగా వినపడే ఖరాబీ. మన కరీంనగర్ వెండి తీగ పనివాళ్లకి ఈ ఇల్మ్ ఎప్పుడో తెలుసు. వెండిని సన్నని రంధ్రాల్లోంచి లాగే కొద్దీ అది బిరుసెక్కుతుంది, మళ్లీ కాల్చి మెత్తన చేస్తారు. తాంబా తబియత్ కూడా అంతే. కాబట్టి ఏ లోహమైనా, లాగాక కాల్చి మెత్తన చేశారా, ఎన్ని సన్నని పోగులు కలిపి పేనారు అన్నదే లెక్క.

ఉర్దూలో తార్ అంటే వైరు, వాద్యం తంతి, ఒకప్పటి టెలిగ్రామ్ కూడా. తెలుగులో తీగ అంటే వైరే కాదు, పందిరి మీద పాకే మొక్క కూడా. ఆ తెలుగు మాటలోనే జవాబుంది. మల్లెతీగలా వంగాలి, విరగకూడదు.

తాంబావే వేయించాను. సన్నని పోగులు, ప్రతి పోగుకీ ఎనామిల్ పూత. ఆ పూత పూర్తిగా గీకకపోతే టంకం పట్టదు. కార్ట్రిడ్జ్ పిన్నులకి వేడి తగిలితే లోపలి చుట్ట పాడైపోతుంది. అందుకని ఉస్తాద్ కార్ట్రిడ్జ్ ఊడదీసి, క్లిప్పులకి విడిగా టంకం పెట్టి, తర్వాత తొడిగాడు. మజూరీ అడిగిందే ఇచ్చాను. ఆ చేతి పనికే అసలు ఖీమత్.

జుమేరాత్ రాత్రి వార్సీ సాబ్ రెండు స్పీకర్లలోంచీ పలికాడు. అబ్బా కాసేపు విని, లేచి వెళ్లి బ్యాలెన్స్ నాబ్‌ని కొంచెం కుడికి తిప్పుకున్నాడు. ఎంత తిప్పాడో అంత మేరకు లోపం చెవిలోనూ ఉందన్నమాట. చాందీకని తమ్ముడు పంపిన పైసలు కదపలేదు. వాడికి సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘చెవి మిషన్ మాత్రం మంచిది కొను భయ్యా’ అన్నాడు.

సోమవారం అబ్బాని కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను.