ఎనిమిది నిమిషాల బొమ్మ

సినిమా అంటే రెండున్నర గంటలు, ఐదు పాటలు, నాలుగు ఫైట్లు! మా పొదిలిలో పెరిగిన నాకు తెలిసిన లెక్క ఇదే. ఓ ఎండాకాలం రాత్రి మేడమీద పడుకుని ఫోను తిరగేస్తుంటే ఆ లెక్క కాస్తా తప్పింది.

మొదట కంటబడింది తరుణ్ భాస్కర్ తీసిన 'అనుకోకుండా'. నలభై ఎనిమిది గంటల్లో కథ రాసి, చిత్రీకరించి, కూర్చి ఇవ్వాలన్న పోటీ కోసం తీశారు. అందులో నటించిన రీతూవర్మే 2016లో ఆయన 'పెళ్లిచూపులు'లో నాయిక. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. చిన్న బొమ్మే పెద్ద బొమ్మకి మెట్టన్నమాట!

ఇక నాకు వెతుకులాట పట్టుకుంది. అలా దొరికిందే 'నైబర్స్'. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ఈ ఎనిమిది నిమిషాల చిత్రాన్ని అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డు ఉచితంగానే చూడనిస్తోంది. మాటల్లేవు. ఇరుగు పొరుగు ఇద్దరు. ఇద్దరి జాగాల హద్దు మీద సరిగ్గా ఓ పువ్వు పూసింది. అది నాదంటే నాదని పేచీ!

తీసిన పద్ధతి చూడాలి... నటుడు గాల్లోకి ఎగిరినప్పుడల్లా ఒక్కో ఫ్రేము తీశారు. తెరమీద మనిషి నేల తాకకుండా జారిపోతాడు! వాయిద్యాలు లేవు, ఫిల్ము మీదే శబ్దం పుట్టించారు. డాక్యుమెంటరీ కాకపోయినా ఆ విభాగంలోనే ఆస్కార్ కొట్టేసింది.

మర్నాడు నాయనకి చూపించాను. ఎందుకంటే మా కందిచేను గట్టు మీద వేపచెట్టు నాయనదా, చిన్నాయనదా అన్న తగాదాతో అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. జారిపోయే మనుషుల్ని చూసి నాయన పడీపడీ నవ్వాడు. తర్వాత పువ్వు కాళ్లకింద నలిగిపోయింది. నాయన నవ్వు ఆగిపోయింది.

"మన గట్టు సంగతి ఈ తెల్లోడికి ఎవుడు చెప్పాడ్రా?" అన్నాడు చివరికి.

వెంటనే లేచి తమ్ముణ్ణి కావలించుకున్నాడనుకునేరు! అలాంటి క్లైమాక్సు మన సినిమాల్లోనే. నాయన తువ్వాలు దులుపుకుని గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"మీ చిన్నాయన కొడుక్కి పంపు. వాళ్ల నాయనకి చూపించమను. నేను పంపమన్నానని మాత్రం చెప్పబాక!"

పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. కానీ రెండుగంటల సినిమాలెన్నో చూసి కదలని మనిషి ఎనిమిది నిమిషాలకి కదిలాడు. నాకదే పెద్ద హిట్టు!

పువ్వేమైందో, ఆ ఇద్దరూ ఏమయ్యారో నేను చెప్పను. వెనకటి పాటల పుస్తకాల్లో రాసినట్టు... శేషం తెరపై చూడండి. మా వేపచెట్టు సంగతంటారా? దాని శేషం కోసం నేనూ ఎదురుచూస్తున్నా!