కొండ కదిలిస్తే నీళ్ళలోకి జారిన ఓడ

తులంబెన్ ఒడ్డున మెత్తటి ఇసుక కోసం వెతక్కండి. అన్నీ నున్నగా అరిగిన నల్లరాళ్ళే. బాలి దీవికి ఈశాన్యాన, అగుంగ్ అగ్నిపర్వతం పాదాల దగ్గరున్న ఈ చిన్న ఊరికి విమానాశ్రయం నుంచి కారులో మూడు గంటల దారి. ఇక్కడికి ఎవరూ బీచ్ కోసం రారు. ఒడ్డు నుంచి ముప్ఫై మీటర్ల దూరంలో నీళ్ళలో ఒరిగి ఉన్న ఓడ కోసం వస్తారు.

దాని పేరు లిబర్టీ. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వేల సంఖ్యలో కట్టిన లిబర్టీ రకం ఓడల్లో ఇదొకటని చాలామంది అనుకుంటారు. కాదు, ఇది వాటికంటే ఒక తరం ముందుది. 1918లో కట్టారు. 1942 జనవరి 11న రబ్బరు, రైలు సామాన్లు వేసుకుని వెళ్తుంటే లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఒక అమెరికా యుద్ధనౌక, ఒక డచ్ యుద్ధనౌక కలిసి సింగరాజ రేవు దాకా లాక్కెళ్దామని చూశాయి. నీళ్ళు ఎక్కువగా చేరిపోవడంతో అంతదూరం కుదరక తులంబెన్ ఒడ్డుకే ఎక్కించేశారు. ఇరవై ఏళ్ళకు పైగా అది ఒడ్డునే తుప్పు పట్టింది. 1963లో అగుంగ్ బద్దలైంది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన ఆ విస్ఫోటనంలో నేల కంపించి ఓడ ఒడ్డు మీంచి నీళ్ళలోకి జారింది.

ఆ జారడమే కొత్తవాళ్ళ పాలిట వరమైంది. ఇంకో వంద గజాలు ముందుకు పోయి ఉంటే అనుభవమున్న డైవర్లకు తప్ప ఎవరికీ అందేది కాదు. ఇప్పుడు దాని పైభాగం ఐదు మీటర్ల లోతులో, అడుగు ముప్ఫై మీటర్ల దగ్గర ఉంది. పడవ అక్కర్లేదు, నడిచి దిగొచ్చు.

నాతో వచ్చిన మా బావమరిదికి ఈత అంతంతమాత్రం. అలాంటి వాళ్ళకు ఒక్కరోజు పరిచయ డైవ్ ఉంటుంది. శిక్షకుడు పక్కనే పట్టుకుని ఉంటాడు, పన్నెండు మీటర్లు దాటనివ్వడు. ముందు ఉబ్బసం, గుండె, చెవి జబ్బుల గురించి ఒక కాగితం నింపమంటారు. అందులో అబద్ధం రాయకూడదు. తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో పాఠం. మొదటి నియమమే ఊపిరి బిగబట్టొద్దని.

“చెరువులో ఈత నేర్పేటప్పుడు మా నాన్న చెప్పిన మొదటి మాట ఊపిరి బిగబట్టమనే కదా బావా” అన్నాడు వాడు.

నిజమే. కానీ చెరువులో మనం పైనుంచి తీసుకెళ్ళిన గాలితో మునుగుతాం. ఇక్కడ లోతులోనే సిలిండర్ గాలి పీలుస్తాం. పది మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. నోరు మూసుకుని పైకొస్తే ఊపిరితిత్తులు చినుగుతాయి. ఇది చెప్పాక వాడు ఇక మాట్లాడలేదు.

సిలిండర్లను ఒడ్డుకు చేర్చేది ఊరి ఆడవాళ్ళు. తల మీద గుడ్డ చుట్టకుదురు, దాని మీద అడ్డంగా సిలిండర్. ఆ రాళ్ళ మీద మేము చెప్పులేసుకుని తడబడుతుంటే వాళ్ళు చెయ్యి కూడా ఆనించకుండా నడిచిపోయారు. డైవింగ్ డబ్బు ఊరికి చేరే దారుల్లో ఇదొకటి. బేరం ఆడొద్దు.

అలలు విరిగే చోట రాళ్ళు కాళ్ళ కింద దొర్లుతాయి. నడుము లోతు వచ్చాక ఫిన్స్ తొడుక్కుని తేలడమే. నల్ల ఇసుక వాలులో గార్డెన్ ఈల్స్ సగం బయటికొచ్చి ఊగుతున్నాయి. మేం దగ్గరకు రాగానే ఒక్కొక్కటీ కన్నంలోకి దిగిపోయాయి. తర్వాత మసకలోంచి ఓడ కనిపించింది. నిజానికి ఓడ అని పోల్చుకోవడం కష్టం. 120 మీటర్ల పొడవైన ఇనుము పగడాల కింద, విసనకర్రల్లాంటి సీ ఫ్యాన్ల కింద దాగిపోయింది. అంతా నీలిబూడిద రంగులోనే ఉంది, ఎరుపు అంత లోతుకు చేరదు. గైడ్ టార్చి వేస్తే ఒక దూలం మీద స్పంజి ఒక్కసారిగా ఎర్రగా వెలిగింది. మా వాడు చెయ్యి చాపాడు, గైడ్ వెంటనే ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఓడ పొట్టలో పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. లోపలికి రమ్మని పిలుస్తున్నట్టే ఉంటాయి. వెళ్ళకూడదు. తల మీద కప్పున్న చోటికి వెళ్ళాలంటే వేరే శిక్షణ కావాలి. బయట చూడ్డానికే ఉన్న గాలి చాలదు.

ఇక్కడ తెల్లవారుజామునే నీళ్ళలోకి దిగాలి. ఆ వేళలో మొద్దు నుదురు పెద్ద పారట్ చేపలు గుంపుగా తిరుగుతాయి. తొమ్మిది దాటితే దక్షిణం నుంచి వ్యాన్లొస్తాయి, చేపల కంటే ఫిన్స్ ఎక్కువైపోతాయి.

ప్రమాదం కట్టిన పగడపు దిబ్బను చూశాక మనుషులు కావాలని కట్టినది చూద్దామని వాయవ్యంలో ఉన్న పెముతెరాన్ వెళ్ళాం. బాంబులు, సైనైడ్ వేసి చేపలు పట్టడం, 1998లో నీళ్ళు వేడెక్కడం కలిసి అక్కడి పగడాలను నాశనం చేశాయి. 2000లో జర్మన్ వాస్తుశిల్పి వుల్ఫ్ హిల్బర్ట్జ్, పగడాల శాస్త్రవేత్త టామ్ గోరో ఊరివాళ్ళతో కలిసి ఇనుప కడ్డీల చట్రాలను నీళ్ళలో నిలబెట్టారు. వాటిలోకి ఒడ్డు నుంచి తక్కువ వోల్టేజీ కరెంటు పంపితే నీటిలోని ఖనిజాలు సున్నపురాయిగా కడ్డీకి పడతాయి. విరిగిన పగడం ముక్కల్ని వాటికి కట్టారు. లోతు తక్కువ, స్నార్కెల్‌తోనే చూడొచ్చు. ఇక్కడ నాకు నచ్చింది కరెంటు కంటే కాపలా. బాంబులు వేయకుండా ఊరే చూసుకుంటుంది.

సముద్రంలో ఏదో ఒకటి పడేస్తే దిబ్బ అయిపోతుందనుకోకూడదు. ఫ్లోరిడాలో 1970లలో పాత టైర్లు లక్షల సంఖ్యలో కట్టకట్టి ముంచారు. కట్లు తెగి, టైర్లు కొట్టుకుపోయి పక్కనున్న అసలు దిబ్బనే గుద్దాయి. వాటిని ఏరి తీసే పని ఏళ్ళ తరబడి సాగింది. ఓడను ముంచాలన్నా ముందు నూనె, విషపదార్థాలు తీసేయాలి, మనుషులు ఇరుక్కోకుండా దారులు కోయాలి.

డైవ్ తర్వాత పద్ధెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. కొండలెక్కడానికీ అదే నియమం కాబట్టి బెడుగుల్ ఘాట్ రోడ్డు మానేసి పడమటి తీరం వెంట తిరిగొచ్చాం.

“మన వైజాగ్ దగ్గర ఘాజీ మునిగి ఉందిగా బావా, అక్కడికి దిగొచ్చా?” అన్నాడు దారిలో.

“అందులో జనం పోయార్రా. 1971లో మునిగిన జలాంతర్గామి, ఒక్కరూ బతకలేదు. అది సరదాగా చూసొచ్చే చోటు కాదు” అన్నాను.

కాసేపు ఊరుకుని, సర్టిఫికెట్ కోర్సుకు ఏం కావాలని అడిగాడు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, అప్పుడు పద్ధెనిమిది మీటర్ల దాకా వెళ్ళొచ్చని చెప్పాను. వైజాగ్ చేరగానే స్విమ్మింగ్ పూల్‌లో చేరతానన్నాడు. ఫీజు మాత్రం నన్నే కట్టమన్నాడు.