ఆపి ఉండవచ్చు, ఆపవలసింది

తెలుగువారు ఆంగ్లం నేర్చుకునేటప్పుడు మే, కెన్, కుడ్ మూడూ ఒక్క ‘వచ్చు’లోనే వచ్చి చేరతాయి. వీటిమధ్య తేడా ఎంత బరువైనదో బషీర్‌బాగ్ కూడలి దాటినప్పుడల్లా నాకు తోస్తుంది. విద్యుత్ ఛార్జీల పెంపును నిరసిస్తూ 2000 ఆగస్టు 28న శాసనసభకు బయలుదేరిన ప్రదర్శకులపై పోలీసులు కాల్పులు జరిపింది ఇక్కడే. ప్రాణాలు పోయాయి.

‘ఆపి ఉండవచ్చు’ అన్న మాటకు మనకు రెండర్థాలు. ఆపారేమో, తెలియదు: ఇది ‘మే హావ్’. ఆపే వీలుండీ ఆపలేదు: ఇది ‘కుడ్ హావ్’. మొదటిది సందేహం, రెండవది అభియోగం. ఆంగ్లం వీటిని విడదీసి చూపుతుంది.

అయితే ‘షుడ్ హావ్’ దగ్గర మన భాష తడబడదు. ‘ఆపవలసింది’ అంటే చాలు. కర్తవ్యమూ, అది నెరవేరలేదన్న వేదనా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఆ కూడలికి నాకు తోచే క్రియాపదం అదే.