పేరు మీరే చెప్పాలి

పొద్దున ఆరున్నరకు వీధిలో మోటారుసైకిలు ఆగి, భుజాన ఐసుపెట్టె సంచీతో ఒక కుర్రవాడు దిగాడంటే, ఆ ఇంట్లో ఎవరికో రక్తపరీక్ష ఉందని మా నౌబాద్‌లో అందరికీ తెలిసిపోతుంది. బహమనీల కాలంలో తవ్విన భూగర్భ కాలువ, అంటే కరేజ్, వల్ల బయటివాళ్లు మా ఊరి పేరు విని ఉంటారు. బీదర్ పట్టణానికి ఆనుకొనే ఉన్నాం. అయినా తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మనిషిని ఆటోలోకి ఎక్కించి, ల్యాబొరేటరీ మెట్లెక్కించి, పరగడుపున బెంచీ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో, ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. అందుకే మూడు నెలలకోసారి మా అమ్మ రక్తం ఇంట్లోనే తీయిస్తాం.

అమ్మ పుట్టింది జహీరాబాదు దగ్గరి పల్లెలో. అప్పుడది బీదర్ జిల్లాయే. 1956 నవంబరు 1న రాష్ట్రాల విభజనలో జహీరాబాదు మెదక్ జిల్లాకూ, బీదర్ మైసూరు రాష్ట్రానికీ పోయాయి. పెళ్లయి ఇక్కడికి వచ్చాక బజారులో కన్నడం, పక్కింట్లో దక్కనీ ఉర్దూ, కూరగాయలమ్మితో మరాఠీ మాట్లాడుతూ అరవై ఏళ్లు నెట్టుకొచ్చింది. కిందపడి మంచం పట్టిన తర్వాత ఒక్కొక్క భాషా ఆమె నోటినుంచి జారిపోతోంది. ముందు మరాఠీ పోయింది, తర్వాత కన్నడం. ఇప్పుడు తెలుగు ఒక్కటే మిగిలింది.

మొన్న వచ్చిన కుర్రవాడు కొత్తవాడు. డాక్టరు చీటీ అందించాను. చీటీలో పేరు ఉంది, వయసు ఉంది. అతను దాన్ని చూసి పక్కన పెట్టి, మంచం దగ్గర వంగి, "అమ్మా, నిమ్మ హెసరు హేళ్రి" అన్నాడు. అమ్మ పలకలేదు. "నామ్ బోలో అమ్మా" అన్నాడు. ఊహూఁ. "పేరు వాళ్లే చెప్పాలి సార్, అది మా రూలు" అని నాతో కన్నడంలో అని, ఈసారి "అమ్మా, మీ పేరేంది?" అన్నాడు. హైదరాబాదులో పని నేర్చుకున్నాడట, ఆ నాలుగు ముక్కలూ అక్కడివే.

అమ్మ కళ్లు తెరిచి చక్కగా చెప్పింది. కాని చెప్పింది పుట్టింటి ఇంటిపేరుతో! చీటీలోనూ ఆధార్ కార్డులోనూ ఉన్నది మా నాన్నగారి ఇంటిపేరు. అతను సూది తీయలేదు. ఏ ఏడు పుట్టారని అడిగాడు. "పోలీసు యాక్షన్ నాటికి చంకల పిల్లను బిడ్డా" అంది. ఆ యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది. ఆధార్‌లో 1947 అని ఉంది. రెండూ సరిపోయాయని తేల్చుకున్నాకే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

బ్యాంకులో ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని కూడా ఇదే. నమూనా సంతకం సరిచూడనిదే పైకం చెల్లించం. మీ పేరు ఫలానాయేనా అని అడిగితే చెముడున్నవాళ్లు, మందు మత్తులో ఉన్నవాళ్లు దేనికైనా తల ఊపుతారు. అందుకే పేరు వాళ్లచేతనే చెప్పించాలన్న నియమం. గొట్టాల మీద చీటీలు కూడా రక్తం తీశాక, రోగి ఎదుటే అంటించాలి. ముందుగా అంటించి పెట్టుకోవడం ఖాళీ చెక్కు మీద సంతకం చేసి జేబులో పెట్టుకోవడం లాంటిది.

"ఉన్న నెత్తురంత గుంజుకపోతున్నరు" అని అమ్మ గొణిగింది. తీసింది మూడు చిన్న గొట్టాలు, కలిపితే రెండు చెంచాలు. పసుపు మూతది మూత్రపిండాల లెక్క కోసం. ఊదా మూతది మూడు నెలల చక్కెర సరాసరికి. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది పాసుపుస్తకం లాగా పాత పద్దులన్నీ చూపిస్తుంది. బూడిదరంగు మూతదానిలో ఫ్లోరైడు ఉంటుంది. అది లేకపోతే, నౌబాద్ నుంచి ల్యాబుకు చేరేలోపు రక్తకణాలే చక్కెరను తినేస్తూ లెక్క తగ్గించేస్తాయి.

చీటీలో ఫాస్ఫరస్ పరీక్ష కూడా ఉంది. రక్తంలో ఫాస్ఫరస్‌ను లెక్కగట్టే పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ప్రపంచానికిచ్చినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే-సుబ్బారో పద్ధతి అన్నారు దాన్ని. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు చివర. అందుకని ఆయన పేరే ఇంటిపేరయి కూచుంది, యల్లాప్రగడ కనబడకుండా పోయింది. పరాయిచోట ఉన్న తెలుగువాళ్ల కాగితాల్లో ఈ తారుమారు కొత్తేమీ కాదు. పుస్తకంలో అయితే నష్టం లేదు. రక్తం గొట్టం మీద అయితే ఒకరి లెక్క ఇంకొకరి మందుచీటీకి ఎక్కుతుంది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ పెరిగింది. మూత్రపిండాల శక్తి తగ్గినందువల్ల అమ్మ ఏళ్లుగా వేసుకుంటున్న చక్కెర మాత్రను డాక్టరుగారు మాన్పించి, వేరేది రాశారు. ఆ అంకె అమ్మదేనా అన్న సందేహం నాకు రాలేదు.

మన పాఠకుల్లో చాలామంది ఇళ్లలో తెలుగు మాత్రమే మిగిలిన ముసలివాళ్లు ఉన్నారు. బీదర్‌లో కావచ్చు, షోలాపూర్‌లో కావచ్చు. ఇంటికి వచ్చి రక్తం తీసేవాళ్లందరికీ తెలుగు రాదు. ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టింటి పేరు, పుట్టిన ఏడు ఒక అట్ట మీద కన్నడంలోనో, ఆ చోటి భాషలోనో రాసి మంచం తలాపిన ఉంచితే మంచిది. కిందనే "మీ పేరేంది" అన్న మాటను కూడా ఆ లిపిలో రాసిపెట్టండి. వచ్చినవాళ్లు చదివి అడుగుతారు, పెద్దవాళ్లు చెబుతారు. మా ఇంట్లో అట్ట కట్టాం. దాని మీద పుట్టింటి పేరే ముందు రాయమని అమ్మ చెప్పింది.