కనిపించే తెర

సిద్దిపేటలో గొల్లభామ చీర కొంటే, పైనున్న పల్చని కవరును వెంటనే తీయబుద్ధి కాదు. నెత్తిన కుండతో గొల్లభామ కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం తగలదు. దాచడమూ చూపించడమూ ఒక్క పొరే చేస్తుంది. మనుషుల మధ్య మర్యాద కూడా అంతేనేమో! చిన్నప్పుడు ఇలాంటిదే ఒక ఎర్ర జిలుగు కాగితం కళ్లకు అడ్డం పెట్టుకుంటే ఊరంతా సాయంత్రమయ్యేది.

స్విస్ రసాయనవేత్త బ్రాండెన్‌బర్గర్ 1908లో సెల్లోఫేన్ అనే ఇలాంటి పల్చని పొరను తయారుచేసే యంత్రాన్ని రూపొందించాడు. కలప గుజ్జుతో చేసిన అసలు సెల్లోఫేన్ మట్టిలో కలిసిపోతుంది. ఇప్పుడు ఆ పేరుతో మన చేతికొచ్చేది చాలావరకు ప్లాస్టిక్, అది కలవదు. సిద్దిపేట జిల్లాలోని ఊళ్లు విందుల్లో ప్లాస్టిక్ వద్దనుకుని, స్టీలు పాత్రలు ఇచ్చే స్టీలు బ్యాంకులు పెట్టుకున్నాయి. ఈసారి ఎవరికైనా కానుక చుట్టేటప్పుడు ఒక పాత నూలుగుడ్డ వెతకండి.